సంతకం మాది, పెత్తనం ఎవరిది?

ఈ మధ్య బొబ్బిలి చుట్టుపక్కల పేటల్లో ఒక మాట తెగ వినబడుతోంది. 'భాగస్వామ్యం'. నైపుణ్య శిక్షణ ఇస్తామంటూ వచ్చే ట్రస్టులు, ఫౌండేషన్లు, స్వచ్ఛంద సంస్థలు ఈ మాట లేకుండా నోరు తెరవడం లేదు. మీ పేట మా భాగస్వామి అంటారు. మీ మహిళా సంఘం, మీ చర్చి, మీ అంబేడ్కర్ యువజన సంఘం, మీ బడి అన్నీ మా భాగస్వాములే అంటారు. మరి మా భాగం ఏది అని అడిగితే మాత్రం పక్కవాడి మొహం చూస్తారు.

భాగం అన్న మాటకి అర్థం మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పొలం పాలికి చేసినవాడికి కళ్లంలో గింజ కొలిచి పెట్టాలి. కొలిచేటప్పుడు పక్కన నిలబడి చూసే హక్కు కూడా వాడికి ఉంటుంది. కుంచం ఎంతుందో, ఎన్ని కుంచాలు పడ్డాయో వాడూ లెక్కపెట్టుకుంటాడు. కొలత చూడనివ్వకుండా నాలుగు గింజలు చేటలో పోసి పొమ్మంటే దాన్ని పాలు అనరు, కూలి అంటారు. ఇప్పుడు పేటల్లో జరుగుతున్న 'భాగస్వామ్యం'లో కుంచం ఎవరి చేతిలో ఉంది? ఈ వ్యాసంలో మేం అడిగేది అదొక్కటే.

ముందుగా ఒక మాట. ఇది ఏ ఒక్క సంస్థ మీదా రాస్తున్నది కాదు. బొబ్బిలికి దగ్గర్లోనే రాజాంలో జి.ఎం.ఆర్. వరలక్ష్మి ఫౌండేషన్ వారి శిక్షణా సంస్థ నైరెడ్ ఉంది. 1982లో ధర్మస్థల దగ్గర బ్యాంకులతో కలిసి మొదలైన పద్ధతిని చూసి, జిల్లాకొకటి చొప్పున గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణా సంస్థలు పెట్టారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ వచ్చాక, ఒక స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలన్నారు. ఆ ఖర్చు పెట్టుకోవడానికి నైపుణ్య శిక్షణ మంచి పద్దు అయింది. కాబట్టి సంస్థలు వస్తాయి, ఇంకా వస్తాయి. రావొద్దని మేం అనడం లేదు. వచ్చినవాళ్లతో ఏ పద్ధతిలో కూర్చోవాలో మనం తేల్చుకోవాలి అంటున్నాం.

కూర్చోవడం అన్నాం కదా. వచ్చినవాళ్లకి కుర్చీలు వేస్తాం. మనవాళ్లు పట్టాల మీద కూర్చుంటారు. వెనక ఫ్లెక్సీ కట్టి ఉంటుంది, అందులో మన పేట పేరు కూడా తప్పు పడుతుంది. హాజరు కాయితం తిప్పుతారు. పెద్దలు వేలిముద్ర, పిల్లలు సంతకం. ఫొటో తీస్తారు. 'బ్యాచ్‌కి ముప్ఫై మంది కావాలండి, మీరే కూడగట్టాలి' అంటారు. ఒప్పందం అని ఇంగ్లీషులో రెండు పేజీల కాయితం తీసి సంఘం అధ్యక్షురాలి చేత సంతకం పెట్టించుకుంటారు. అలాంటి కాయితం ఒకటి మా చేతికి దొరికితే కూర్చుని చదివాం. పిల్లల్ని పోగుచేయడం సంఘం బాధ్యత. మధ్యలో మానకుండా చూడటం సంఘం బాధ్యత. హాలు, కరెంటు, తాగునీరు సంఘం బాధ్యత. ఏ కోర్సు, ఎక్కడ, ఎన్నాళ్లు, ఎవరు చెప్తారు, ఎప్పుడు మార్చుకోవచ్చు అన్నది మాత్రం సంస్థ ఇష్టం. అయ్యా, మన తాతలు బుగత పొలంలో చేసిన ఒప్పందం కూడా సరిగ్గా ఇలాగే ఉండేది. తేడా ఏమిటంటే దానికి కాయితం లేదు.

ఉత్తరాంధ్ర పేటలకి ఇది మొదటిసారి కాదు. 1997లో జన్మభూమి అన్నారు. ప్రజల భాగస్వామ్యం అన్నారు. శ్రమదానం చెయ్యండి అన్నారు. దానం చెయ్యడానికి మన దగ్గర శ్రమ తప్ప ఇంకేం లేదని వాళ్లకి బాగా తెలుసు. తరతరాలుగా మనవాళ్లు చేసింది శ్రమదానమే కదా, అప్పుడు దాని పేరు వెట్టి. తరవాత 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో రాష్ట్రంలో ఆరు జిల్లాల్లో వెలుగు మొదలైతే అందులో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. సంఘాలు వచ్చాయి, పొదుపు వచ్చింది, ఆడవాళ్లు బ్యాంకు గుమ్మం ఎక్కారు. ఆ మేలు కాదనం. కానీ ఆ సంఘాలే ఇప్పుడు ఎవరు జీపు దిగినా సంతకం పెట్టే యంత్రాలు అయిపోకూడదు. మా సంఘంలో ఒకావిడ అన్న మాట: 'మా సంతకాలకి ఇలువుందని తెలీక ముందే అన్నీ పెట్టించీసుకున్నారు మేస్టారూ!'

శిక్షణ మనకి అక్కర్లేదని ఎవరైనా అంటే వాళ్లకి పేట తెలీదన్నమాట. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాకంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలిపోయింది. 61 మంది చచ్చిపోయారు. అందులో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి, ఒడిశా నుంచి వెళ్లిన కూలీలే. ఆ శవాలు వచ్చిన ఊళ్లు మనవి. పొట్ట చేత పట్టుకుని రైలెక్కినవాళ్లకి చేతిలో ఒక పనితనం, జేబులో ఒక కాయితం, కంట్రాక్టరు పేరు, చట్టం మీద కొంచెం తెలివిడి ఉంటే బాగుండేది. అయితే ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆ భవనం కూలింది కూలీకి నైపుణ్యం లేక కాదు. కట్టించినవాడికి, అనుమతి ఇచ్చినవాడికి బాధ్యత లేక. ఏం జరిగినా చివరికి 'మీకు నైపుణ్యం లేదు' అని మన నెత్తినే రుద్దే ఈ శిక్షణల భాష మీద మనకి అనుమానం ఉండటం న్యాయమే.

ఇక ఏ పనులు నేర్పుతున్నారు? ఆడపిల్లలకి కుట్టుమిషను. మగపిల్లలకి సెక్యూరిటీ గార్డు. ఇద్దరికీ కలిపి 'హౌస్ కీపింగ్'. హాస్పిటాలిటీ అని పేరు పెట్టి హోటల్లో ప్లేట్లు తియ్యడం, ఆస్పత్రిలో నేల తుడవడం. ఏ పనీ నీచం కాదు, నిజమే. కానీ దొర ఇంటి ముందు కాపలా కాసినవాడి మనవడికి యూనిఫారం వేసి అపార్టుమెంటు ముందు కాపలా పెడితే, పాకీపని చేసినామె మనవరాలికి చేతికి గ్లౌజులు తొడిగి మాల్ లో మరుగుదొడ్డి అప్పజెపితే, దాన్ని సాధికారత అని ఫ్లెక్సీ కట్టుకుంటే, మనం చప్పట్లు కొట్టాలా? నీచం కాదన్న ఆ పనికి ఆ సంస్థల ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ల పిల్లలు ఒక్కరైనా చేరారా?

ఈ కథకి పెద్ద చరిత్ర ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లెటూరి పిల్లలు సగంపూట బడిలో చదివి, మిగతా సగంపూట తండ్రి చేసే పని నేర్చుకోవాలని పథకం పెట్టింది. అప్పటికింకా మన ప్రాంతం కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం అదే ఏడాది అక్టోబరు 1న వేరుపడింది. పెరియార్, ద్రావిడ ఉద్యమం దానికి కులవిద్య అని పేరు పెట్టి ఎదిరించాయి. 1954లో రాజాజీ దిగిపోయాడు, కామరాజ్ వచ్చి ఆ పథకం రద్దు చేశాడు. డెబ్భై ఏళ్ల తరవాత, 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం విశ్వకర్మ పథకం తెచ్చింది. 18 వృత్తులు. చెప్పులు కుట్టేవాడు, బట్టలుతికేవాడు, క్షురకుడు, కుమ్మరి, బుట్టలు అల్లేవాడు, చీపుళ్లు కట్టేవాడు... శిక్షణ ఇస్తారు, రోజుకి 500 రూపాయలు భత్యం, పనిముట్లకి 15,000. డబ్బు చేదు కాదు. ఇప్పటికే ఆ పనిలో ఉన్న నడివయసువాడికి ఆ 15,000 ఉపయోగమే. కానీ 18 ఏళ్ల కుర్రాడికి, వాడి కుటుంబం సంప్రదాయంగా చేసే పనిలోనే శిక్షణ ఇవ్వడం ఏమిటి? తమిళనాడు ప్రభుత్వం సరిగ్గా ఇదే అడిగింది. కుటుంబ వృత్తి షరతు తీసెయ్యండి, కనీస వయసు 35 చెయ్యండి అంది. కేంద్రం ఒప్పుకోకపోతే 2024 నవంబరులో, ఈ రూపంలో మేం అమలు చెయ్యం అని ఉత్తరం రాసేసి, వేరే పథకం పెట్టుకుంది. మన రాష్ట్రంలో ఆ పాటి ప్రశ్న అడిగిన నాయకుడు ఏ పార్టీలోనైనా మనకి కనబడ్డాడా?

కులం కూడా ఒక రకం పనుల పంపకమేగా అని సమర్థించుకునే పండితులకి బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో జవాబు చెప్పి ఉన్నారు. పుట్టుకతో పని అంటగట్టడం వల్ల మనిషికి తన శక్తిని బట్టి పని ఎంచుకునే వీలు పోతుందనీ, పరిశ్రమలు మారే కాలంలో అదే నిరుద్యోగానికి కారణం అవుతుందనీ ఆయన ఆర్థికశాస్త్రం చదువుకున్న మనిషిగా చెప్పారు. శిక్షణ ఇచ్చే ప్రతి సంస్థా ముందు చదవాల్సిన పుస్తకం అది.

అమెరికాలో నల్లవాళ్లు కూడా ఈ దారిలో నడిచి వచ్చినవాళ్లే. బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ 1881 నుంచి అలబామాలోని టస్కెగీలో పనులు నేర్పే బడి నడిపాడు. ఇటుకలు కాల్చి తమ బడి తామే కట్టుకున్నారు ఆ పిల్లలు. కార్నెగీలాంటి కోటీశ్వరులు చందాలిచ్చారు. ముందు పని నేర్చుకుందాం, హక్కుల సంగతి తరవాత అన్నది ఆయన బాట. దాన్ని డుబాయిస్ 1903లో తన పుస్తకంలో గట్టిగా ఎదుర్కొన్నాడు. పని నేర్చుకోవడం తప్పని ఆయన అనలేదు. ఓటు, సమానత్వం, పెద్ద చదువు వదులుకుని పని మాత్రమే నేర్చుకోమంటే ఆ పని కూడా నిలబడదని అన్నాడు. తన చేతిపనితో సంపాదించుకున్న ఆస్తిని కాపాడుకునే హక్కు లేనివాడికి ఆ సంపాదన ఎన్నాళ్లుంటుంది? చందా ఇచ్చే చెయ్యి ఏ చదువుని ఇష్టపడుతుందో, ఏ చదువుకి భయపడుతుందో వాళ్ల దగ్గరా మన దగ్గరా ఒక్కటే.

మన బొబ్బిలికే వద్దాం. ఇక్కడ పనులు లేవా? గ్రోత్ సెంటర్ ఉంది. ఫెర్రో అల్లాయిస్ కార్ఖానాలు ఉన్నాయి. జనపనార మిల్లులు చూసిన ఊరు ఇది. రైల్వే జంక్షను ఉంది, సాలూరు లైను ఇక్కడే విడిపోతుంది. ఫర్నేసు దగ్గర ఎండకి ఎండ, మంటకి మంట తిని బస్తాలు మోసేది మనవాళ్లే, అదీ కంట్రాక్టు మేస్త్రీ కింద. ఫిట్టరు, ఎలక్ట్రీషియను, క్రేన్ ఆపరేటరు, లేబొరేటరీలో ఖనిజం పరీక్ష చేసేవాడు ఎవరు? ఆ పనులకి మన పిల్లల్ని తయారు చెయ్యమని అడిగితే, 'అవి మా కోర్సుల లిస్టులో లేవండి' అంటారు. లిస్టు ఎక్కడో ఢిల్లీలోనో బెంగళూరులోనో తయారవుతుంది. ఇంటి పక్కన కార్ఖానా పొగ పీలుస్తూ, పని కోసం తిరుపూరు వెళ్లాలా మన గుంటలు?

వీణ సంగతి కూడా చూడండి. బొబ్బిలి అంటే లోకానికి రెండే తెలుసు. 1757 యుద్ధం, గొల్లపల్లి వీణ. పనసకర్రతో తరతరాలుగా కొన్ని కుటుంబాలు చేస్తున్న ఆ వీణకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పెద్దవాళ్లకి బహుమతిగా ఇవ్వడానికి చిన్న వీణలు కూడా చేస్తున్నారు. ఆ కళాకారుల కష్టం మీద మాకు గౌరవమే, వాళ్లకీ బతుకు అంతంతమాత్రమే. కానీ పెళ్లికీ, చావుకీ, అమ్మవారి పండక్కీ మోగే డప్పు బిగించేవాడి చేతిలో ఉన్నది నైపుణ్యం కాదా? తోలు ఎంత నానబెట్టాలి, ఎంత ఎండబెట్టాలి, ఏ మంటకి ఎంత కాస్తే ఏ శ్రుతి పలుకుతుంది అన్నది ఏ సర్టిఫికెట్టూ లేకుండా వాడికి తెలుసు. వీణ ఒళ్లో పెట్టుకుంటారు, డప్పుని మాత్రం గుడి బయట నిలబెడతారు. దేన్ని నైపుణ్యం అనాలి, దేన్ని అనక్కర్లేదు అని తేల్చేది కూడా కులమే.

దానధర్మాల సంస్థలు బొబ్బిలికి కొత్తా? కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్లు ఇక్కడికి వచ్చింది 1879లో. వాళ్లకి వాళ్ల ఉద్దేశం ఉంది, మతం కోసమే వచ్చారు, అది దాచుకోలేదు. అయినా వాళ్లు తెలుగు నేర్చుకున్నారు. జీపులో వచ్చి సాయంత్రానికి వెళ్లిపోలేదు, ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నారు. బళ్లు పెట్టారు. ఆ బళ్లో ఆడపిల్లకి, అంటరానివాడికి చెప్పిన అక్షరం బ్రాహ్మల పిల్లాడికి చెప్పిన అక్షరమే. 'నీ కులానికి ఈ అక్షరాలు చాలు' అని సగం ఓనమాలు చెప్పలేదు. ఆ తరవాత 1944లో వైస్రాయి కౌన్సిల్లో బాబాసాహెబ్ ఉండగా మొదలైన స్కాలర్‌షిప్పులు, ఆ పైన సాంఘిక సంక్షేమ హాస్టళ్లు. వీటి వల్లే మనలో మొదటి తరం పట్టభద్రులు పుట్టారు. ఈ పత్రిక రాసేవాళ్లూ చదివేవాళ్లూ చాలామంది ఆ హాస్టలు చారు తాగి పెరిగినవాళ్లమే.

ఇవాళ ఏం జరుగుతోంది? హాస్టళ్లు బక్కచిక్కుతున్నాయి. పదో తరగతి తప్పినవాడి ఇంటికి మూడో రోజుకల్లా శిక్షణ సంస్థ మనిషి వచ్చేస్తున్నాడు. మూడు నెలల్లో ఉద్యోగం అంటున్నాడు. బడిలో పాఠాలు చెప్పుకునే మాబోటివాళ్లం ఒకటి అడుగుతాం. వాడు లెక్కల్లోనో ఇంగ్లీషులోనో తప్పాడు. సప్లిమెంటరీకి నెల రోజులు రాత్రిపూట కూర్చోబెడితే గట్టెక్కుతాడు. గట్టెక్కితే ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, ఇంటరు, డిగ్రీ తలుపులు తెరుచుకుంటాయి. ఏ ఫౌండేషనైనా ఆ నెల రోజుల ట్యూషన్‌కి డబ్బు పెడుతుందా? పెట్టదు. ఎందుకంటే ట్యూషన్ చెప్పించి పాసు చేయిస్తే 'ప్లేస్‌మెంట్' గడిలో అంకె పడదు. పిల్లాడి బతుకులో ఏది పెద్ద మలుపో అది వాళ్ల రిపోర్టులో లేదు.

మా పక్క పేటలో జరిగింది చెప్తాం. సంస్థ పేరు రాయం. ఊడుపుల ముందు ఓ బ్యాచ్ తీశారు. కుట్టుపని అన్నారు. శిక్షణ అయ్యాక పిల్లల్ని ఓ పెద్ద నగరం శివార్లలో బట్టల కంపెనీకి తీసుకెళ్లారు. జీతం చెప్పింది ఒకటి, చేతికొచ్చింది ఒకటి. గది అద్దె కోత, భోజనం కోత, బస్సు కోత. ఫోను రాత్రి అరగంట మాత్రమే ఇవ్వాలని హాస్టలు వార్డెను రూలు. పిల్లలు ఒకరి తరవాత ఒకరు వచ్చేశారు. వచ్చినవాళ్లని అడిగితే ఒక గుంట అంది: 'పని కష్టమని కాదు మేస్టారూ, పని మా ఊళ్లో మాత్రం సులువా? అక్కడ మనిషి కింద సూడరు.' సంస్థ వాళ్లు మాత్రం 'ఈ కమ్యూనిటీ పిల్లలకి నిలకడ లేదు' అని సంఘం మీటింగులో చెప్పి వెళ్లారు. భాగస్వామి అన్న మాట ఆ రోజు వినబడలేదు. లాభం వస్తే భాగస్వామ్యం, నష్టం వస్తే మన కులం గుణమా?

మరో పేటలో ఆడవాళ్లు కొంచెం గడుసుగా ఉన్నారు. ముందే రెండు షరతులు పెట్టారు. ఊడుపులు, కోతలు ఉన్న నెలల్లో క్లాసులు వద్దు. పిల్లల్ని పంపే చోటుకి ముందు మేం ఇద్దరం వెళ్లి చూసి వస్తాం, దారిఖర్చు మీరే పెట్టాలి. సంస్థ ముందు గునిసింది. తరవాత ఒప్పుకుంది. వెళ్లినవాళ్లు గదులు చూశారు, బాత్‌రూములు చూశారు, అప్పటికే పని చేస్తున్న పిల్లలతో మేనేజరు లేకుండా మాట్లాడారు. ఒక కంపెనీ వద్దన్నారు, ఇంకోటి సరే అన్నారు. ఆ బ్యాచ్‌లో చాలామంది ఇప్పటికీ పనిలో ఉన్నారు. ఇదేమీ విప్లవం కాదు. కూతుర్ని ఇచ్చేముందు అల్లుడి ఇల్లు చూసొచ్చినట్టే చూసొచ్చారు. కానీ ఆ రెండు షరతులతో కుంచం కొంచెం చేతులు మారింది.

ఇంకో మోసం 'కమ్యూనిటీ' అన్న మాటలోనే ఉంది. సంస్థ వాళ్లు ఊరినంతా ఒక ముద్దగా చూస్తారు. 'గ్రామ ప్రజలతో భాగస్వామ్యం' అంటారు. సర్పంచి ఇంట్లో టీ తాగి, రామమందిరం అరుగు మీద మీటింగు పెట్టి, ఊరి పెద్దల చేత కమిటీ వేయించి, ఆ కమిటీలో పేట నుంచి ఒకణ్ని కలుపుతారు. ఆ ఒకడు రామమందిరం అరుగు ఎక్కుతాడా, కింద నిలబడతాడా అని వాళ్లు ఆలోచించరు. ఊరు ఒకటి అనుకునేవాళ్లు లక్ష్మీపేట వెళ్లి చూడాలి. వంగర మండలం, అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి మన విజయనగరం జిల్లాలోనే ఉంది. మడ్డువలస రిజర్వాయరు కింద పోయి మునగకుండా మిగిలిన భూమిని దళితులు దున్నుకుంటున్నారని 2012 జూన్ 12 పొద్దున ఐదుగురిని చంపేశారు. చంపింది పై ఊరివాళ్లు కాదు, అదే ఊరివాళ్లు, తూర్పు కాపులు. రెండు పక్షాలవాళ్లూ ప్రాజెక్టు కింద ఊరు పోగొట్టుకుని కలిసి పునరావాసానికి వచ్చినవాళ్లే. అటువంటి ఊళ్లో 'కమ్యూనిటీ' అంటే ఎవరు? ఆ ఐదుగురికి ఉన్న నైపుణ్యం వ్యవసాయం. అందులో వాళ్లకి ఏ శిక్షణా అక్కర్లేదు, భూమే కావాలి. భూమి ఊసెత్తకుండా నైపుణ్యం గురించి మాట్లాడే సంస్థని మనం అనుమానంగా చూడక తప్పదు. ఆధిపత్య కులం చేతిలో భూమి, మన చేతిలో సర్టిఫికెట్టు. ఇదెక్కడి పంపకం?

అలాగని పేట కూడా ఒకటి కాదు. మన ఉత్తరాంధ్రలో మాలలు, మాదిగలతోపాటు పైడి, రెల్లి, దండాసి వంటి కులాలున్నాయి. మునిసిపాలిటీ చీపురు పట్టి ఊరు తుడిచేది రెల్లి వీధివాళ్లు. బ్యాచ్ ముప్ఫై మంది లిస్టు తయారయ్యేటప్పుడు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన పిల్లలు ముందు వరసలోకి వస్తారు, రెల్లి పిల్ల పేరు చివర్లో కూడా ఉండదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని చెప్పాక, 2025లో మన రాష్ట్రం రెల్లి, ఉపకులాల గ్రూపుకి 1 శాతం, మాదిగ గ్రూపుకి 6.5, మాల గ్రూపుకి 7.5 అని పంచింది. ఆ అంకెల మీద మనలో మనకి వాదాలున్నాయి, అవి వేరేగా తేల్చుకుందాం. శిక్షణ కమిటీలో మాత్రం రెల్లి ఆడమనిషి ఒకరు కూర్చోకుండా సంతకం పెట్టొద్దు. ఇది సంస్థకి చెప్పే మాట కాదు, మన సంఘాలకి చెప్పే మాట.

ఇక లెక్కలు. 2014లో మొదలైన దీనదయాళ్ గ్రామీణ కౌశల్య యోజన నిబంధనల్లో, సీట్లలో 50 శాతం ఎస్సీ, ఎస్టీలకి, మూడోవంతు ఆడవాళ్లకి అని రాసుకున్నారు. మన పేరు చెప్పి డబ్బు వస్తుందన్నమాట. అందుకే పేటలకి ఇంత గిరాకీ. వచ్చిన డబ్బు ఏమైందో చూద్దామంటే, 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన గుట్టు విప్పింది. శిక్షణ పొందినట్టు రాసుకున్నవాళ్లలో 90 శాతానికి పైగా మందికి బ్యాంకు ఖాతా గడిలో సున్నాలో, ఖాళీయో ఉంది. ఒకే ఫొటోని వేర్వేరు బ్యాచ్‌లకి అతికించిన సంగతీ బయటపడింది. మీటింగులో మన ఫొటోలు ఎందుకు తీస్తున్నారో అడగడం ఇకనుంచి అమర్యాద అనుకోకండి.

దీనికి మందు మన రాష్ట్రంలోనే తయారయింది. 1990లో రాజస్థాన్‌లో పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, కరువు పనుల మస్టరు రోల్సు బహిరంగంగా చదివించింది. చచ్చినవాడి పేరున కూలి తీసుకున్న సంగతులు జనం ముందు బయటపడ్డాయి. ఆ పోరాటాల వెనకే 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. 2006 నుంచి ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని పద్ధతిగా నడిపించి దేశానికి చూపించింది మన ఆంధ్రప్రదేశే. మస్టరు చదువుతుంటే లేచి 'ఆ రోజు నేను పనికే రానేదు, మా పెద్దమ్మ దినాలు' అని చెప్పిన ఆడవాళ్లని మనం చూశాం. చెరువు గట్టు మీద తట్టల లెక్క అడిగిన జనానికి శిక్షణ లెక్క అడగడం పెద్ద పని కాదు. ఎంతమంది చేరారు, ఎంతమంది ముగించారు, ఎక్కడ పెట్టారు, మూడు నెలలకి ఎంతమంది ఉన్నారు, ఏడాదికి ఎంతమంది ఉన్నారు, తలకి ఎంత ఖర్చు రాశారు. పేటలో, మన భాషలో, మైకు పెట్టి, పేరు పేరునా చదవాలి. చదివినప్పుడు ఆ పిల్ల తల్లి అక్కడ ఉండాలి.

వచ్చే పంట కోతలయ్యాక బొబ్బిలి చుట్టుపక్కల సంఘాలన్నీ ఒకచోట కూర్చుని ఒక తెలుగు ఒప్పందం రాసుకుందామని మాలో కొంతమందిమి అనుకుంటున్నాం. సంస్థ తెచ్చే కాయితం మీద కాదు, మనం తయారుచేసిన కాయితం మీద వాళ్లు సంతకం పెట్టాలి. అందులో కోర్సులు ఎంచే చోట పేట మాట ఉండాలి. పదో తరగతి తప్పినవాడికి ముందు సప్లిమెంటరీ, తరవాతే కోర్సు అని ఉండాలి. పంపే చోటు ముందుగా చూసొచ్చే ఖర్చు ఉండాలి. చెప్పేవాళ్లలో మనవాళ్లు ఎంతమందో ఉండాలి, ఎందుకంటే మన పిల్లల్ని చూసి ముక్కు మూసుకోకుండా పాఠం చెప్పేవాళ్లు కావాలి. పిల్లకి కష్టం వస్తే అర్ధరాత్రి ఫోను ఎత్తే మనిషి పేరు ఉండాలి. ఇప్పటికే ఇంగ్లీషు కాయితాల మీద సంతకాలు పెట్టిన సంఘాలు ఆ కాపీలు పట్టుకుని రండి. కాపీ ఇవ్వలేదంటే సంస్థని అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఏ తారీకున అడిగారో, ఎవరు ఇవ్వనన్నారో మినిట్స్ పుస్తకంలో రాసి, ఆ పుస్తకమే పట్టుకుని రండి.